కుక్క గిన్నెలో నూనె

కుక్క తిండిలో రోజూ చెంచాడు నూనె కలిపితే చర్మం పొట్టు రాలడం తగ్గుతుందనీ, బొచ్చు నిగనిగలాడుతుందనీ పెంపకందారుల్లో గట్టి నమ్మకం ఉంది. ఈ అలవాటు అంత పాతదేమీ కాదు. నూనెను మందుగా కుక్క కడుపులోకి పంపడం 19వ శతాబ్దంలో ఊపందుకుంది. అదీ చర్మం కోసం కాదు, ఎముకల కోసం. చర్మం సంగతి 20వ శతాబ్దం మధ్యలో తేలింది. దురద సంగతి ఆ శతాబ్దం చివరి ఏళ్లలో ముందుకొచ్చింది. ఈ మూడు దశల్లోనూ ఒకే సత్యం బయటపడుతూ వచ్చింది: తిండిలో కొరత ఉన్నచోట నూనె అద్భుతంగా పనిచేస్తుంది, కొరత లేనిచోట దాని ఫలితం కొద్దిపాటిదే.

ఒంటికి పూసిన కాలం

అంతకు ముందు నూనె ఎక్కువగా కుక్క ఒంటి మీదికే వెళ్లేది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా తన గ్రంథంలో కాపలా కుక్కల పెంపకానికి చోటిచ్చాడు. కుక్కకు గజ్జి పట్టినప్పుడు నువ్వులనూ జిప్సాన్నీ సమపాళ్లలో నూరి, తారుతో కలిపి పూయమన్నాడు. తెలుగు పల్లెల్లోనూ దారి ఇదే. గజ్జి పట్టిన కుక్కకు వేపనూనె, కానుగ నూనె రాయడం, కొబ్బరినూనెలో గంధకం కలిపి పట్టించడం ఇప్పటికీ కనిపిస్తుంది. గజ్జికి కారణం చర్మంలో తొలుచుకుపోయే కంటికి కనిపించని పురుగు. నూనె పూత ఎండిన పొక్కులను మెత్తబరిచి, గంధకం లాంటి మందును ఒంటికి అంటిపెట్టుకునేలా చేసేది. అది పైనుంచి వచ్చిన జబ్బుకు పైనుంచి చేసిన వైద్యం.

తిండిలో ప్రత్యేకంగా నూనె కలపాలన్న ఆలోచన ఆ రోజుల్లో రాకపోవడానికి కారణం ఉంది. వేటకుక్కకు వేట జంతువు పేగులు, కాలేయం, కొవ్వు దక్కేవి. ఊరకుక్క కటికవాడి కొట్టు దగ్గర ఎముకలు కొరికి మూలుగ తినేది. ఉత్తర ధ్రువానికి దగ్గరి ప్రాంతాల్లో బండ్లు లాగే కుక్కలకు చేపలు, సీల్ మాంసం, సీల్ కొవ్వు రోజువారీ తిండి. కుక్కకు కావలసిన కొవ్వులు ఆ తిండిలోనే ఉండేవి. వాటిని తిండిలోంచి తీసేసిన రోజునే వాటి విలువ తెలిసింది.

బిస్కెట్టు వచ్చింది, కొవ్వు పోయింది

ఆ మార్పు ఇంగ్లండ్ పట్టణాల్లో మొదలైంది. అమెరికా నుంచి లండన్ చేరిన జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి, రేవుల్లో నావికులు పారేసిన గట్టి రొట్టెలను కుక్కలు ఆబగా తినడం చూసి కుక్కల బిస్కెట్టు ఆలోచన చేశాడని చెప్పుకుంటారు. 1860ల ఆరంభంలో అతని సరుకు బజారుకెక్కింది. గోధుమ పిండి, కూరగాయలు, ఎండబెట్టిన మాంసం కలిపి కాల్చిన ఆ బిస్కెట్లు నెలల తరబడి నిలవ ఉండేవి. నిలవ ఉండాలంటే కొవ్వు తక్కువగా ఉండాలి. కొవ్వు గాలి తగిలితే పాడై కంపు కొడుతుంది. ఆ రోజుల్లో దాన్ని ఆపే ఉపాయం తయారీదారుల చేతిలో లేదు. ఆ విధంగా నిలవ తిండి ధాన్యం వైపు మొగ్గింది, కొవ్వు వెనకబడింది.

అదే కాలంలో కుక్క బొచ్చుకు కొత్త విలువ వచ్చింది. 1859లో న్యూకాజిల్‌లో వేటకుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో లండన్‌లో కెనెల్ క్లబ్ ఏర్పడింది. స్ప్రాట్ సంస్థలోనే పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరుతో కుక్కల ప్రదర్శన ప్రారంభించాడు. ఈ పోటీల్లో న్యాయనిర్ణేత చెయ్యి కుక్క వీపు మీద నిమురుతూ పోయేది. బొచ్చు మెత్తగా ఉందా, గరుకుగా ఉందా, చర్మం వదులుగా ఉందా అన్నది ఆ చేతికి తెలిసిపోయేది. ఒకవైపు తిండిలో కొవ్వు తగ్గుతోంది, మరోవైపు నిగారింపుకు బహుమతులు వస్తున్నాయి. ఈ రెండింటి నడుమ కాడ్ చేప కాలేయ నూనె సీసా అడుగుపెట్టింది.

కాలేయ నూనె, కుక్కపిల్లల ఎముకలు

నార్వే తీరంలో కాడ్ చేప కాలేయాల నుంచి నూనె తీయడం శతాబ్దాల నాటి వృత్తి. పాత పద్ధతిలో కాలేయాలను పీపాల్లో నింపి వదిలేసేవారు. అవి కుళ్లి కరుగుతుంటే పైకి తేలిన నూనెను తోడుకునేవారు. ముందు తేలింది లేత రంగులోనూ, ఆలస్యంగా వచ్చింది ముదురు గోధుమ రంగులోనూ ఉండేది. వాసన భరించడం కష్టం. 1853లో పీటర్ మోల్లర్ అనే నార్వే మందుల తయారీదారు తాజా కాలేయాలను ఆవిరితో వేడిచేసి నూనె తీశాడు. ఆ నూనె తేటగా ఉంది, గొంతు దిగింది. అంతకు ముందే 1841లో ఎడిన్‌బరో వైద్యుడు జాన్ హ్యూస్ బెన్నెట్ కాడ్ కాలేయ నూనె వైద్య గుణాలపై ఒక గ్రంథం ప్రచురించి దాన్ని బ్రిటన్ వైద్యుల దృష్టికి తెచ్చాడు. మనుషుల మందు క్రమంగా పశువుల మందు కూడా అయింది. బక్కచిక్కిన కుక్కలకు, కాళ్లు వంకర తిరిగిన కుక్కపిల్లలకు దాన్ని పట్టడం అలవాటుగా మారింది.

జంతువుల విషయంలో దాని శక్తిని 1889 నాటి లండన్ జంతు ప్రదర్శనశాల అనుభవం చాటింది. అక్కడ సింహం పిల్లలకు కొవ్వు లేని గుర్రపు మాంసం పెట్టేవారు. పిల్లలు రికెట్స్ అనే ఎముకల జబ్బుతో చచ్చిపోతుండేవి. శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్-సట్టన్ సలహా మీద పాలు, నలగ్గొట్టిన ఎముకలు, కాడ్ కాలేయ నూనె పెట్టడం మొదలుపెట్టారు. పిల్లలు కోలుకుని పెరిగాయి. వైద్యం ఫలించింది గానీ కారణం మాత్రం మరో 30 ఏళ్లు చీకట్లోనే ఉండిపోయింది.

ఆ చీకటిని తొలగించింది కుక్కపిల్లలే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ పట్టణాల్లో పసిపిల్లలను రికెట్స్ పీడిస్తుంటే, పరిశోధకుడు ఎడ్వర్డ్ మెలన్‌బీ లండన్‌లో కుక్కపిల్లలను ఇంట్లోనే ఉంచి ఓట్స్, రొట్టె, వెన్న తీసిన పాల వంటి తిండితో పెంచాడు. వాటి కాళ్లు వంగిపోయాయి, కీళ్లు ఉబ్బాయి. అదే తిండికి కాడ్ కాలేయ నూనె కలిపితే జబ్బు రాలేదు. 1919లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. నూనెలో ఉన్న ఆ పదార్థం విటమిన్-ఎ అయి ఉండొచ్చని మెలన్‌బీ భావించాడు. 1922లో అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ బృందం నూనెను వేడిచేసి గాలి పంపి విటమిన్-ఎను నాశనం చేసింది. అయినా రికెట్స్ తగ్గింది. అందులో వేరే విటమిన్ ఉందని అలా రుజువైంది, దానికి విటమిన్-డి అని పేరు పెట్టారు.

మెలన్‌బీ కుక్కపిల్లలను ఎంచుకోవడం కలిసొచ్చింది. మనిషి చర్మం ఎండ తగిలితే విటమిన్-డి తయారుచేసుకుంటుంది. కుక్క చర్మం ఆ పని తగినంతగా చేయలేదని 1994లో నెదర్లాండ్స్ పరిశోధకులు నిరూపించారు. కుక్కకు విటమిన్-డి తిండిలోంచే రావాలి. వెన్న తీసిన పాలు, రొట్టె పెట్టిన పిల్లలకు ఎండ ఎంత తగిలినా ఆ లోటు తీరేది కాదు.

  

పొట్టు రాలిన చర్మం చెప్పిన రహస్యం

కాలేయ నూనె విలువ అందులో కరిగిన విటమిన్లదేనని, మిగతా కొవ్వు కేవలం శక్తినిచ్చే ఇంధనమని అప్పటి శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఈ అభిప్రాయాన్ని 1929లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు తలకిందులు చేశారు. అన్ని విటమిన్లూ ఇస్తూ, తిండిలోంచి కొవ్వును మాత్రం పూర్తిగా తీసేసి ఎలుకలను పెంచారు. వాటి తోకలు పొలుసులు తేలాయి, పాదాల చర్మం ఎర్రబడి పొట్టు లేచింది, ఎదుగుదల ఆగింది. కొద్ది చుక్కల కొవ్వు ఇస్తే అన్నీ సర్దుకున్నాయి. 1930లో వారు లినోలిక్ ఆమ్లాన్ని ఆ పని చేసే పదార్థంగా గుర్తించి, తప్పనిసరిగా తిండిలోంచే రావలసిన కొవ్వు ఆమ్లాలు ఉన్నాయని ప్రకటించారు.

ఎలుకకు నిజమైంది కుక్కకూ నిజమా అన్న ప్రశ్నను అదే విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యుడు ఆరిల్డ్ హాన్సెన్ చేపట్టాడు. పసిపిల్లల తామరకూ కొవ్వు ఆమ్లాలకూ సంబంధం ఉందేమోనని ఆయన అప్పటికే వెతుకుతున్నాడు. సహోద్యోగి హిల్డా వీస్‌తో కలిసి కొవ్వు చాలా తక్కువగా ఉన్న తిండితో కుక్కపిల్లలను పెంచి, 1943లో ఫలితాలు ప్రచురించాడు. తర్వాత టెక్సస్‌లో ఆ పని కొనసాగింది, 1950లలో చర్మపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన నివేదికలూ వచ్చాయి.

ఆ కుక్కల్లో కనిపించింది ఇది. కొన్ని నెలలు గడిచేసరికి బొచ్చు మెరుపు పోయి పొడిబారింది, గరుకైంది. వెంట్రుకల మధ్య విడదీసి చూస్తే చర్మం మీద పిండి చల్లినట్టు పొట్టు కనిపించేది. కొవ్వు తగినంత ఉన్న తిండి తిన్న తోటి పిల్లల ఒంటి మీద ఈ తేడా లేదు. పంది కొవ్వు వంటి లినోలిక్ ఆమ్లం ఉన్న కొవ్వు పెట్టగానే, ఎండిపోయిన చర్మం మళ్లీ మామూలుగా మారుతూ వచ్చింది.

ఆ చర్మం ఎందుకు ఎండిందో తర్వాతి దశాబ్దాల్లో స్పష్టమైంది. చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉన్న కొవ్వు పదార్థం గచ్చు. ఆ గచ్చులో ముఖ్యమైన సెరమైడ్లు అనే కొవ్వులకు లినోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే గోడ బీటలు వారి లోపలి నీరు ఆవిరైపోతుంది, ఎండిన కణాలు పొట్టుగా రాలుతాయి. వెంట్రుక నిగారింపుకు రెండు కావాలి: వెంట్రుక పైపొర పెంకులు నున్నగా అణిగి ఉండాలి, చర్మ గ్రంథులు వదిలే నూనె వాటి మీద పరచుకోవాలి. కుక్క చర్మం లోపలి పొర నుంచి పైకి వచ్చి రాలడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. అందుకే నూనె మొదలుపెట్టిన వారంలో ఫలితం కోసం ఎదురుచూడడం వ్యర్థం.

కర్మాగారం నుంచి కొవ్వు తిరిగొచ్చింది

1920లలో డబ్బా తిండి అమెరికాలో వ్యాపించింది. గుర్రపు మాంసంతో తయారైన కెన్-ఎల్-రేషన్ 1922 నాటికి బజారులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తగరానికి కరువొచ్చి డబ్బాలు తగ్గాయి, పొడి తిండి మళ్లీ ముందుకొచ్చింది. 1957లో పురినా సంస్థ యంత్రపు ఒత్తిడి, ఆవిరి సాయంతో పిండిని ఉబ్బించి గుళికలుగా తెచ్చింది. ఈ గుళికల తయారీలో ఒక అడుగు చర్మానికి సంబంధించింది. గుళిక ఎండాక దాని మీద కరిగించిన కొవ్వును చల్లుతారు. రుచి వచ్చేదీ, కావలసిన కొవ్వు ఆమ్లాలు అందేదీ ఆ పైపూతలోనే.

ఆ పూత పాడవకుండా ఉంచడం కొత్త సమస్య అయింది. 1950ల నుంచి ఇథాక్సిక్విన్ అనే రసాయనం పశువుల మేతలో, తర్వాత కుక్కల తిండిలో కొవ్వు చెడకుండా కాపాడింది. దాని మోతాదుపై ఆందోళన తలెత్తడంతో 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, కుక్కల తిండిలో గరిష్ఠ పరిమితిని 150 పీపీఎం నుంచి 75 పీపీఎంకు తగ్గించమని తయారీదారులను కోరింది. ఆ తర్వాత విటమిన్-ఇ జాతికి చెందిన టోకోఫెరాల్స్ వాడకం పెరిగింది. పాడైన కొవ్వు తిండిలోని విటమిన్-ఇని మింగేస్తుంది, లినోలిక్ ఆమ్లాన్నీ పోగొడుతుంది. సంచి మీద రాసిన కొవ్వు శాతం సరిగానే ఉన్నా, ఎండ తగిలే వరండాలో మూత లేకుండా నెలలు నిలవ ఉన్న సంచి తిండి కుక్క చర్మానికి అక్కరకు రాదు.

కొలతలు కూడా ఈ కాలంలోనే ఖరారయ్యాయి. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం ఎదిగిన కుక్క తినే ప్రతి 1,000 కిలోకేలరీలకు 2.8 గ్రాముల లినోలిక్ ఆమ్లం ఉండాలి. అమెరికా మేత నియంత్రణ అధికారుల సంఘం 2016 నాటి ప్రమాణాల్లో తిండిలోని నీరు తీసేసిన లెక్కన ఎదిగిన కుక్కకు 1.1 శాతం, పెరిగే పిల్లలకు 1.3 శాతం లినోలిక్ ఆమ్లం ఉండాలని పెట్టింది. నాణ్యమైన కర్మాగారపు తిండి ఈ కొలత సాధారణంగా దాటుతుంది. అందువల్ల అలాంటి తిండి తినే ఆరోగ్యవంతమైన కుక్కకు అదనపు నూనె ఇచ్చే లాభం తక్కువ. 2001లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు కుక్కలకు అవిసె గింజలు, పొద్దుతిరుగుడు గింజలు విడివిడిగా పెట్టి చూశారు. నాలుగో వారానికి బొచ్చు మెరుగైంది, కానీ 12 వారాల పరీక్ష ముగిసేసరికి ఆ మెరుగు నిలవలేదు.

చేప నూనె రెండోసారి

1970లో హాన్స్ ఓలాఫ్ బాంగ్, యోర్న్ డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ వైద్యులు గ్రీన్‌లాండ్ వెళ్లి అక్కడి ఇన్యూట్ ప్రజల రక్తాన్ని పరీక్షించారు. సీల్, చేప కొవ్వుల్లోని ఒమేగా-3 ఆమ్లాల మీద ప్రపంచం దృష్టి పడింది అక్కడి నుంచే. ఒంట్లో మంట పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అరాకిడోనిక్ ఆమ్లం నుంచి తయారవుతాయని 1964లోనే తేలింది. చేప నూనెలోని ఒమేగా-3 రకాలైన ఈపీఏ, డీహెచ్‌ఏ ఆమ్లాలు కణాల గోడల్లో ఆ ఆమ్లం స్థానాన్ని కొంత ఆక్రమించి మంటను తగ్గిస్తాయి. ఈ ఆలోచన 1980లలో కుక్కల చర్మ వైద్యానికి చేరింది. అప్పటిదాకా నూనె కొరత తీర్చే ఆహారం. ఇప్పుడది అలర్జీ దురదకు మందు కాబోయింది.

తొలినాళ్లలో ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ పువ్వు గింజల నూనెను, చేప నూనెను కలిపి పరీక్షించారు. ఫలితాలు ఒక్కో చోట ఒక్కో రకంగా వచ్చాయి. 1994లో లోగాస్, కుంకిల్ అనే పరిశోధకులు దురద కుక్కలకు కొంతకాలం చేప నూనె, కొంతకాలం మొక్కజొన్న నూనె ఇచ్చారు. ఏ కుక్కకు ఏది అందుతుందో యజమానికీ వైద్యుడికీ తెలియనివ్వలేదు. చేప నూనె వంతులో దురద, ఒళ్లు గీరుకోవడం తగ్గాయి, బొచ్చు మెరుగైంది. 2004లో నార్వే పరిశోధకులు 12 వారాల పరీక్షలో, కొవ్వు ఆమ్లాలు అందుకున్న అలర్జీ కుక్కలకు స్టెరాయిడ్ మందు తక్కువ సరిపోయిందని చూపారు. కుక్కల అలర్జీ చర్మవ్యాధి కోసం అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ అనుభవాన్ని ఒక చోట చేర్చాయి: నూనె ఒక్కటే దురదను అదుపు చేయలేదు, మిగతా మందులకు తోడుగా పనికొస్తుంది, ఫలితానికి కనీసం 2 నెలలు ఆగాలి.

ఏ నూనె, ఎంత

ఈ చరిత్ర నూనెలను మూడు కుప్పలుగా విడదీసింది. కుసుమ, పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, సోయా నూనెలు లినోలిక్ ఆమ్లానికి గొప్ప ఆధారాలు. కుసుమ నూనెలో అది దాదాపు ముప్పాతిక వంతు, మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 60 శాతం, నువ్వుల నూనెలో 40 శాతం, వేరుశనగ నూనెలో 30 శాతం దాకా ఉంటుంది. కొబ్బరినూనెలో 2 శాతం మాత్రమే. రెండో కుప్పలో అవిసె నూనె. దానిలో సగానికి పైగా ఆల్ఫా-లినోలెనిక్ అనే ఒమేగా-3 ఆమ్లమే, అయితే కుక్క ఒళ్లు దాన్ని ఈపీఏగా మార్చుకునే శక్తి కొద్దిదే. మూడోది చేప ఒంటి నూనె, ఈపీఏ, డీహెచ్‌ఏ నేరుగా ఇచ్చేది. దురదకు ఆధారాలున్నది దీనికే. కాడ్ కాలేయ నూనె వేరు. దానిలో విటమిన్-ఎ, విటమిన్-డి దండిగా ఉంటాయి కాబట్టి ఒమేగా-3 కోసం దాన్ని ఎక్కువగా పోస్తే ఆ విటమిన్లు విషమవుతాయి.

తెలుగు ఇళ్లలో ఈ చరిత్రకు నేరుగా సంబంధించిన తిండి ఒకటుంది. చాలా ఇళ్లలో కుక్కకు పెట్టేది తెల్ల అన్నం, పాలు లేదా మజ్జిగ. బియ్యంలో కొవ్వు దాదాపు శూన్యం, పాల కొవ్వులో లినోలిక్ ఆమ్లం 2, 3 శాతానికి మించదు, మజ్జిగలో అదీ ఉండదు. ఈ గిన్నె మెలన్‌బీ, హాన్సెన్ కుక్కపిల్లలకు పెట్టిన గిన్నెకు దగ్గర చుట్టం. ఆ కుక్క వీపు మీద పొట్టు, పాలిపోయిన బొచ్చు కనిపిస్తే నూనె చెంచాకు నిజమైన పని ఉంది. 10 కిలోల కుక్క రోజుకు సుమారు 600 నుంచి 700 కిలోకేలరీలు తింటుందనుకుంటే, దానికి కావలసిన లినోలిక్ ఆమ్లం 2 గ్రాములకు అటూఇటూ. ఒక టీస్పూను పొద్దుతిరుగుడు నూనెలో అంతకు కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ టీస్పూను 40 కిలోకేలరీలు మోస్తుంది, కాబట్టి అన్నం ఆ మేరకు తగ్గాలి. అయితే అన్నం గిన్నెలో లోటు నూనె ఒక్కటే కాదు. మాంసకృత్తులు, కాల్షియం, జింకు తగ్గినా చర్మం ఇలాగే పొడిబారుతుంది. గుడ్డు, మాంసం, చేప చేరకపోతే నూనె ఒంటరిగా గెలవలేదు.

మోతాదు మించితే నష్టం ఉంది. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు పడితే విరేచనాలు పట్టుకుంటాయి, కొన్ని కుక్కలకు క్లోమం వాచి ప్రాణం మీదికొస్తుంది. ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 2 గ్రాములన్నది అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2006లో పెట్టిన పరిమితి. అది దాటితే రక్తం గడ్డకట్టే తీరు మారే ప్రమాదం ఉంది. చేప నూనె ఎంత పెరిగితే విటమిన్-ఇ అవసరం అంత పెరుగుతుంది. పాతబడి కంపు కొట్టే నూనె ఏ మోతాదులోనూ పనికిరాదు. బొచ్చు గుండ్రంగా ఊడిపోవడం, చీము, రాత్రంతా గీరుకోవడం, రెండు పక్కలా సమానంగా రాలడం వంటివి కనిపిస్తే వాటి వెనక పురుగు, బూజు, థైరాయిడ్, అలర్జీ ఉండొచ్చు. అప్పుడు కుక్కకు కావలసింది పశువైద్యుడి పరీక్ష. ఆ పరీక్షలో తిండి కొరత తేలితే, నూనె చెంచా తన పని తాను చేస్తుంది.